నిరాడంబర జీవితం: ఖర్చు ఎవరి ఖాతాలో?

ఈమధ్య మన హేతువాద మిత్రుల సమావేశాల్లో కూడా ఒక మాట తరచుగా వినబడుతోంది. మన పెద్దవాళ్లు ప్రకృతితో కలిసి బతికారు, మనమూ ఆ పద్ధతికి తిరిగి వెళ్లాలి అని. భూమి వేడెక్కుతోంది, చెత్త గుట్టలు పెరుగుతున్నాయి, బోర్లు ఎండిపోతున్నాయి, కాబట్టి కుటుంబాలు తక్కువతో బతకడం నేర్చుకోవాలి అన్నదాంట్లో నాకు అభిప్రాయభేదం లేదు. నేనూ ఆ పక్షమే. కాని ఆ మాట వెనకాలే వచ్చే జాబితా చూస్తే నాకు అనుమానాలు మొదలవుతాయి. మిక్సీ మానేసి రుబ్బురోలు వాడండి. వాషింగ్ మెషీన్ తీసేసి కుంకుడు రసంతో ఉతకండి. ఫ్రిజ్ అనవసరం, ఏ పూటకాపూట వండుకోండి. గ్యాస్ మీద వండిన కూరకి కట్టెల పొయ్యి మీద కూర రుచి రాదు.

ఈ జాబితాని ఇంకొకసారి చదవండి. ఇందులో మన దేశంలో మామూలుగా మగవాడు చేసే పని ఒక్కటైనా ఉందా? కారు తీసేయమని లేదు. పిల్ల పెళ్లికి వెయ్యి మందిని పిలవవద్దని లేదు. రెండో ఫ్లాట్ కొనవద్దని లేదు. పొదుపు అంతా వంటింటి గుమ్మం లోపలే జరగాలి.

నేను ముప్ఫై ఏడేళ్లు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. ఒక బిల్లు బల్ల మీదకి వస్తే మొదటి ప్రశ్న, ఇది ఎవరి ఖాతాలో ఖర్చు రాయాలి అని. ఖర్చు మాయం కాదు. ఒక పద్దులోంచి తీసేస్తే ఇంకో పద్దులో తేలుతుంది. కరెంటు బిల్లులో పది యూనిట్లు తగ్గాయంటే ఆ పని ఎవరో చేతులతో చేశారన్నమాట. ఆ చేతుల ఖర్చు ఏ పుస్తకంలోనూ రాయం కాబట్టి మనకి అంతా లాభంగానే కనిపిస్తుంది. ఇది లెక్కల్లో చాలా పాత కిటుకు.

మా అమ్మ వంటిల్లు నాకు బాగా జ్ఞాపకం. కృష్ణా జిల్లాలో పల్లెటూరు. 1960లలో, 70లలో మా ఇంట్లో ఏడుగురం. తుమ్మ మొద్దులు, కంది కట్టె, పిడకలు. వానాకాలంలో కట్టె తడిసి రాజుకోదు. ఊదుడు గొట్టం పట్టుకుని అమ్మ ఊదుతూ ఉంటే కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి. గోడలు, దూలాలు, గిన్నెల అడుగులు, అన్నీ మసి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలైతే రాత్రి పొయ్యి అలికేదాకా ఆమె పని తెమిలేది కాదు. అప్పట్లో మా ఇంట్లో ప్లాస్టిక్ లేదు, కరెంటు లేదు, చెత్తబుట్ట కూడా లేదు, ఎందుకంటే పారేసేదేమీ లేదు. నేటి పర్యావరణ ప్రమాణాలతో చూస్తే మాది ఆదర్శ కుటుంబం. నూటికి నూరు మార్కులు.

అమ్మకి అరవై దాటేసరికి ఆయాసం పట్టుకుంది. నాలుగు అడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేది. పరీక్ష చేసిన డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈవిడకి చుట్ట అలవాటు ఉందా?" అని అడిగాడు. మా ప్రాంతంలో ఆ ప్రశ్న వింతేమీ కాదు, కొంతమంది ఆడవాళ్లు కాల్చేవారు. లేదన్నాను. "అయితే ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండింది?" అన్నాడు. లెక్కవేసి చెప్పాను, ముప్ఫై ఏళ్ల పైనే. ఆయన ఇంకేమీ అడగలేదు. 2004లో పోయింది. అందుచేత కట్టెల పొయ్యి రుచి గురించి ఎవరైనా నా ముందు మాట్లాడితే మర్యాదగా వినడం నాకు కష్టం.

ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. ఇంట్లో పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ సమస్యని మనవాళ్లు గుర్తించనిదీ కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగ ఇంట్లోకి రాకుండా గొట్టం ద్వారా బయటికి పోయే పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి పుస్తకమే రాశారు. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం కూడా మెరుగైన పొయ్యిల పథకం నడిపింది. చివరికి ఎక్కువమంది ఆడవాళ్లని పొగలోంచి బయటికి తెచ్చింది గ్యాసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటా 2016లో వచ్చిన ఉజ్వల పథకం, ఏ ప్రభుత్వానికి ఏ రాజకీయ లాభం వచ్చినా, ఆడవాళ్ల ఊపిరికి సంబంధించిన పనులు. సిలిండరు మళ్లీ నింపించుకునే డబ్బులు లేక తిరిగి కట్టె మీదకి వెళ్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లు నిరాడంబరంగా బతకడం లేదు, బీదగా బతుకుతున్నారు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మనం పర్యావరణం గురించి మాట్లాడకపోవడమే నయం.

సరే, మిక్సీ సంగతికి వద్దాం. హేతువాది అన్నవాడు ముందు కొలవాలి, తర్వాత మాట్లాడాలి. 750 వాట్ల మిక్సీ రోజుకి పావుగంట తిరిగితే నెలకి ఆరు యూనిట్ల లోపే. ఇడ్లీ పిండికి వాడే వెట్ గ్రైండర్ 150 వాట్లు, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున తిరిగితే నెలకి ఒక యూనిట్ కూడా కాదు. హీటరు వాడకుండా మామూలు నీళ్లతో వాషింగ్ మెషీన్ ఒక దఫా ఉతకడానికి పావు యూనిట్ అటూ ఇటూ, నెలకి పన్నెండు దఫాలు వేసుకుంటే మూడు యూనిట్లు. మొత్తం కలిపి పది యూనిట్లు అనుకోండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఈ మూడు యంత్రాలదీ కలిపి నెలకి ఏడు కిలోలు. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు వస్తుంది. కాబట్టి ఆ ఏడు కిలోలు మూడు లీటర్ల పెట్రోలుతో సమానం. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ట్రాఫిక్‌లో కారు ఒక్కసారి వెళ్లినంత.

ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది నుంచి పది యూనిట్లు. ఒక పడకగదిలో ఒక్క రాత్రి ఏసీ, ఆ ఇంటి ఆడమనిషి నెల రోజుల రుబ్బుడు, ఉతుకుడుకి అయ్యే కరెంటుని మింగేస్తుంది. ఇది చెప్పినప్పుడు ఒక మిత్రుడికి కోపం వచ్చింది. వయసు మీద పడింది, ఏసీ లేకపోతే నిద్ర పట్టదు అన్నాడు. నిజమే అయి ఉండవచ్చు. మేడ మీద చివరి అంతస్తులో మే నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏసీ పెట్టుకోవద్దని నేను అనడం లేదు, మీ ఏసీ పద్దుని మీ ఆవిడ మిక్సీ మానేసి సర్దవద్దంటున్నాను. ఏసీ పద్దు ఏసీ దగ్గరే సర్దాలి. 26 డిగ్రీల మీద పెట్టి పక్కన ఫ్యాను వేసుకోవచ్చు. ఇంటిల్లిపాదీ ఒక గదిలో పడుకోవచ్చు. పైకప్పుకి తెల్ల సున్నం వేయించవచ్చు. ఇవి మగవాళ్లు కూడా చేయగలిగిన పనులు.

ఫ్యాన్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు, ఇప్పుడు దొరికే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. నాలుగు ఫ్యాన్లు రోజుకి పది గంటలు తిరిగే ఇంట్లో మార్చుకుంటే నెలకి యాభై నాలుగు యూనిట్లు మిగులుతాయి. ఎవరి నడుమూ నొప్పి పుట్టకుండా, ఎవరూ త్యాగం చేయకుండా, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా. మూడు యంత్రాలు అమ్మేసిన దానికంటే అయిదు రెట్లు ఎక్కువ. ఇది గొప్ప కథ కాదు కాబట్టి దీని మీద ఎవరూ సభలు పెట్టరు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు గడిపేవారు. మగవాళ్లలో ఆ పని చేసినవాళ్లే నాలుగోవంతు, వాళ్లు గడిపింది 97 నిమిషాలు. 299 నిమిషాలంటే అయిదు గంటలు, జీతం లేదు, సెలవు లేదు, పింఛను లేదు. ఈ అయిదు గంటల మీద ఇంకో గంట కలపమని అడుగుతున్నాం, భూమిని కాపాడటం పేరుతో. ఆ మధ్య ఇదే విషయం మీద వాదిస్తూ ఒక మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. కాఫీ తెచ్చిన మా ఆవిడ నిలబడి అంతా విన్నది. "రుబ్బురోలు మంచిదే అన్నయ్యగారూ. మీ ఇంట్లో రుబ్బేది మీరేనా?" అని అడిగింది. ఆయన నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

లెక్కల మనిషిని కాబట్టి నాకు జె.సి. కుమారప్ప అంటే ప్రత్యేకమైన గౌరవం. తంజావూరులో 1892లో పుట్టి, లండన్‌లో అకౌంటెన్సీ చదివి, బొంబాయిలో ఆడిటర్‌గా బాగా సంపాదిస్తున్న మనిషి. తర్వాత అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు చదివి, బ్రిటిష్ పాలన మన దేశాన్ని ఎలా పీలుస్తోందో అంకెలతో తేల్చి, గాంధీ దగ్గరికి వచ్చి చేరాడు. సూటు తీసేసి ఖద్దరు కట్టాడు. జైల్లో ఉండి రాసిన ‘శాశ్వత ఆర్థిక వ్యవస్థ’ 1945లో వచ్చింది. తవ్వితే అయిపోయే వనరుల మీద కాకుండా మళ్లీ మళ్లీ పుట్టే వనరుల మీద బతకాలని అందులో వాదించాడు. ‘పర్యావరణం’ అన్న మాట మన పత్రికల్లోకి రాకముందే ఒక అకౌంటెంటు ఈ మాట అన్నాడంటే మా వృత్తివాళ్లకి గర్వకారణమే. ఒక వస్తువు ధర చూసి ఊరుకోకూడదు, అది మన చేతికి వచ్చేలోపు దాని వెనక ఎవరి కష్టం దోపిడీ అయిందో చూడాలన్నది కూడా ఆయన ఆలోచనే. ఆ సూత్రాన్నే తీసుకుని ఆయన్ని ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. దంపుడు బియ్యం ఆరోగ్యానికి మంచివి, మిల్లు పల్లెటూరి పని లాగేసుకుంటుంది అన్నారు కదా, ఒప్పుకున్నాను. ఆ దంపేది ఎవరు? కూలి ఇచ్చి దంపిస్తే అది ఉపాధి. ఇంటి ఆడవాళ్ల చేత ఊరికే దంపిస్తే దాన్ని ఆయన పుస్తకంలో ఏ తరగతి కింద పెట్టాలి?

మన హేతువాద ఉద్యమంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి తర్వాత విజయవాడకి మార్చిన నాస్తిక కేంద్రంలో జీవితం చాలా నిరాడంబరం. కాని వాళ్లు ముందు కత్తిరించింది వంటింటి సౌకర్యాలని కాదు, ఆడంబరాన్ని. మంత్రుల దర్పాన్ని వ్యతిరేకించారు. పూలదండల బదులు కూరగాయలు ఇవ్వమన్నారు. కూతురు మనోరమ పెళ్లి 1948లో సేవాగ్రామ్‌లో కులం చూడకుండా, మతకర్మలు లేకుండా చేశారు. తక్కువతో బతకడం అంటే నాకు అర్థమయ్యేది ఈ పద్ధతే.

మా శాఖలో ఒక నియమం ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, మేం జీఎఫ్‌ఆర్ అంటాం, 2017 కూర్పులో అది 21వ నియమం. దాని సారాంశం ఏమిటంటే, ప్రభుత్వ సొమ్ము ఖర్చుపెట్టే అధికారి తన సొంత డబ్బు ఖర్చుపెట్టే వివేకవంతుడంత జాగ్రత్తగా ఉండాలి, సందర్భానికి అవసరమైనదాన్ని మించి ఖర్చు ఉండకూడదు. ఈ నియమం రాసినవాళ్లు ఒక తెలుగు పెళ్లికి వచ్చి ఉంటే, సొంత డబ్బు ఖర్చుపెట్టే మనిషి వివేకం మీద అంత నమ్మకం పెట్టుకునేవాళ్లు కాదేమో. ఇరవై రెండు రకాల వంటకాలు వడ్డించి, సగం ఆకులో వదిలిపెడితే కుప్పతొట్టిలో వేసి, జ్ఞాపికగా అందరికీ ఒక ప్లాస్టిక్ డబ్బానో, స్టీలు గిన్నెనో, ఈమధ్య కొత్తగా ‘పర్యావరణహితం’ అని అచ్చు వేసిన గుడ్డ సంచినో ఇచ్చి పంపుతారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లికి కావలసింది ముప్ఫై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. మా అమ్మాయి పెళ్లి అలాగే జరిగింది. సాయంత్రం నలభై మందికి భోజనం పెట్టాం. బంధువుల్లో కొందరు రెండేళ్లు మాట్లాడలేదు, తర్వాత వాళ్ల పిల్లల పెళ్లి అప్పులు తీరుతున్న రోజుల్లో మాట్లాడటం మొదలుపెట్టారు.

వాస్తు సంగతి హేతువాదులకి కొత్త కాదు, కాని దాన్ని మనం ఎప్పుడూ మూఢనమ్మకంగానే చూశాం, కాలుష్యంగా చూడలేదు. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి బాగున్న వంటిల్లుని, మరుగుదొడ్డిని పగలగొట్టించి దిక్కులు మార్చి మళ్లీ కట్టించాడు. నలభై బస్తాల సిమెంటు పట్టింది. బస్తా యాభై కిలోలు, మొత్తం రెండు టన్నులు. మన దేశంలో కిలో సిమెంటు తయారీకి సుమారు 0.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే పన్నెండు వందల కిలోలు. ఇటుక, ఇనుము, టైల్స్, పాతది పగలగొట్టిన శిథిలాలని ఏ చెరువు గట్టునో పోసిన సంగతి నేను కలపలేదు. మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్ మూడూ కలిపి నెలకి ఏడు కిలోలని పైన చూశాం. ఆ లెక్కన ఆయన ఈశాన్యం సవరించుకున్న ఖర్చుతో ఆ మూడు యంత్రాలూ పద్నాలుగేళ్లు తిరుగుతాయి. ఆయన ఆ తర్వాత కూడా ఆరోగ్యం బాగాలేదనే అంటున్నాడు. ఇప్పుడు గేటు మారుస్తాడట.

ఇంకో రకం వ్యాపారం ఉంది. తక్కువ కొనడాన్నే ఒక సరుకుగా అమ్మడం. వెదురు టూత్‌బ్రష్షు, రాగి సీసా, కొబ్బరి చిప్ప గిన్నె, మట్టి వాటర్ బాటిల్. ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసు ముప్ఫై ఏళ్లు పనిచేస్తుంది, ఇంకో ముప్ఫై ఏళ్లు కూడా పనిచేస్తుంది. దాన్ని పక్కన పెట్టి కొత్తగా కొన్న ఏ వస్తువైనా భూమికి అదనపు భారమే. గుడ్డ సంచుల మీద డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఒక అధ్యయనం వెలువరించింది. వాతావరణం మీద ప్రభావం ఒక్కటే తీసుకున్నా, మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేగాని అది పలుచని ప్లాస్టిక్ సంచితో సమానం కాదు. నీళ్లు, ఎరువులు లాంటివన్నీ కలిపి చూస్తే వేల సార్లు. అక్కడి ప్లాస్టిక్ సంచులు చివరికి భట్టీల్లో కాలతాయి, మనవి మురుగుకాలవల్లో, ఆవుల కడుపుల్లో తేలతాయి కాబట్టి మన దగ్గర గుడ్డ సంచే మేలు. కాని ఒక్క సంచి. మా ఇంట్లో ఉన్నది పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచి, బజారుకి అదే వెళ్తుంది. పెళ్లిళ్లలో ఇచ్చినవి బీరువా మీద ఇరవై దాకా పడి ఉన్నాయి.

నీళ్ల ఫిల్టర్ల సంగతీ ఇంతే. ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు మంచినీళ్లు ఇచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ అవసరం లేదన్నది 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీసుకున్న వైఖరి. కొలిచే టీడీఎస్ మీటరు రెండు మూడు వందల రూపాయలకి దొరుకుతుంది. (జీవితమంతా టీడీఎస్ అంటే జీతంలో కోసుకునే పన్ను అని రాసినవాణ్ణి, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని రిటైరయ్యాక తెలిసింది.) మా కుళాయి నీళ్లు కొలిచి చూసి ఆర్‌ఓ తీసేయించాం. మామూలు వడపోత, కాచి చల్లార్చడం. బోరు నీళ్లు మాత్రమే వచ్చే కాలనీవాళ్లు మమ్మల్ని అనుకరించవద్దు. కొలుచుకోండి.

సంప్రదాయవాదులు ఇక్కడ ఒక మాట అందుకుంటారు. చూశారా, మీరు తిరిగి తిరిగి మా దారికే వచ్చారు, మన సంస్కృతిలో అంతా ప్రకృతి పూజే అంటారు. మడి పేరుతో రోజుకి మూడుసార్లు తలస్నానాలు చేసి ఉతికిన బట్టనే మళ్లీ ఉతికించిన ఇళ్లు నేను చూశాను. నీళ్లు మోసింది ఎవరు? యజ్ఞంలో కిలోల కొద్దీ నెయ్యి, సమిధలు కాలిస్తే గాలి శుభ్రపడుతుందని నేటికీ చెప్పేవాళ్లున్నారు. కట్టె కాలితే పొగ వస్తుంది, నెయ్యి కాలితే మసి వస్తుంది. మంత్రం చదివినా చదవకపోయినా ఊపిరితిత్తులకి తేడా తెలియదు. మా అమ్మ పొయ్యి దగ్గర కూడా రోజూ దండం పెట్టుకునే అగ్గి వెలిగించేది.

మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్పకుండా ఊరుకుంటే పాఠకులు అడుగుతారు. ఉద్యోగంలో పుణె, జబల్‌పూర్, సికింద్రాబాద్ ఇలా తిరగడం వల్ల సామాను పెంచుకునే అలవాటు మాకు మొదటినుంచీ లేదు. బదిలీ అయినప్పుడల్లా ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, దీన్ని లారీ ఎక్కించాలా వద్దా అని తేల్చుకోవలసి వచ్చేది. నాలుగు బదిలీలయ్యేసరికి ఏది అవసరమో ఏది కాదో బాగా తెలిసింది. ఇప్పుడు ఇద్దరమే. కారు లేదు, బస్సు, మెట్రో, అవసరమైతే ఆటో. ప్రెషర్ కుక్కర్, నానబెట్టిన పప్పు, మూత పెట్టి వండటం వల్ల సిలిండరు రెండు నెలలు వస్తుంది. ఎండలో ఆరిన బట్టలకి ఇస్త్రీ చాలావరకు మానేశాం, ముడతల చొక్కాతో సమావేశాలకి వస్తున్నాడని కొందరు అనుకుంటున్నట్లు నాకు తెలుసు.

మిక్సీ ఉంది. గ్రైండర్ ఉంది. వాషింగ్ మెషీన్ ఉంది. వాటిని తీసేయాలని నేను అనలేదు, తీసేస్తే ఆ పని నాదేనని మొదటే ఒప్పందం రాసుకున్నాం. నోటి మాటే అనుకోండి. ఉదయం కూర, గిన్నెలు తోమడం, బట్టలు ఆరవేసి మడతపెట్టడం నా పద్దు. మొదట్లో మా ఆవిడకి నేను తోమిన గిన్నెలు నచ్చేవి కావు, మళ్లీ కడిగేది. అదీ ఖర్చే, నీళ్ల పద్దు కింద. ఏడాది పట్టింది ఆమెకి నమ్మకం కుదరడానికి. మిగిలిన సమయంలో ఆమె మధ్యాహ్నం కుట్టు నేర్పుతోంది, సాయంత్రం గ్రంథాలయానికి వెళ్తోంది. తక్కువతో బతకడంలో మా ఇంటికి వచ్చిన లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను కరెంటు బిల్లు చూపించను, ఆమె గ్రంథాలయం కార్డు చూపిస్తాను.

ఇక పుస్తకంలో అన్నిటికంటే పెద్ద పద్దు. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. మనవడికి అయిదేళ్లు. మా తరం మధ్యతరగతి తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే పరిస్థితి. హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లి రావడానికి విమానంలో మనిషికి రెండు టన్నులకి పైనే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. ఇద్దరం వెళ్తే నాలుగు టన్నులు. మళ్లీ అదే కొలబద్ద తీసుకుంటే, మా వంటింటి మూడు యంత్రాలు నలభై ఏడేళ్లు తిరగడానికి సరిపోతుంది. ఫ్యాన్లు, బస్సు, మూత పెట్టి వండటం, అన్నీ కలిపి ఎన్నో ఏళ్లు కూడబెట్టింది ఒక్క ప్రయాణంతో ఖాళీ. ఈ అంకె రాసిన కాగితం చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాణ్ణి చూడొద్దంటారా?" అంది.

అనలేదు. నేను అనలేను కూడా. ఏ ఖర్చు అవసరమో, ఏది ఆడంబరమో తేల్చడానికి అంకెలు సాయం చేస్తాయి, తీర్పు మాత్రం మనుషులే ఇవ్వాలి. మనవణ్ణి ఎత్తుకోవడం ఆడంబరం కాదని మా ఇద్దరి తీర్పు. ఆ పద్దుని దాచిపెట్టి, పక్కింటావిడ మిక్సీ గురించి మాట్లాడటం మాత్రం మోసం అవుతుంది. ఏడాదికొకసారి నెల రోజులకి వెళ్లే బదులు మూడేళ్లకొకసారి వెళ్లి అయిదారు నెలలు ఉండి రావాలని నిర్ణయించుకున్నాం. అమ్మాయికి ఫోనులో చెప్పాం. లెక్క అంతా ఓపిగ్గా విని, "నాన్నా, వాడు మూడేళ్లలో ఎంత పెరిగిపోతాడో ఆ లెక్క కూడా వేయండి" అంది. అది ఏ పద్దులో రాయాలో ఇంకా తేలలేదు. టికెట్లు వచ్చే మార్చికి చూస్తున్నాం.